చదవడం వచ్చాక అర్థం చేసుకోవడం ఎలా? పాఠ నిర్మాణాన్ని గుర్తించే బోధన

అక్షరాలు కూడబలుక్కునే దశ దాటి, తడబడకుండా చదవగలిగిన పిల్లలు కూడా ఆ పేరాలో ఏముందో తమ మాటల్లో చెప్పలేకపోవడం మన బడుల్లో తరచుగా కనిపించే ఇబ్బంది. వాక్యాలు ఒక్కొక్కటిగా అర్థమవుతాయి. వాటి మధ్య ఉన్న సంబంధం మాత్రం అందదు. ఏది కారణం, ఏది ఫలితం, ఏది ప్రధానాంశం, ఏది ఉదాహరణ అన్న తేడా తెలియక అన్ని వాక్యాలూ ఒకే బరువుతో కనిపిస్తాయి.

ఈ ఇబ్బందిని తగ్గించేందుకు విద్యా పరిశోధకులు సూచిస్తున్న మార్గాల్లో ఒకటి, పాఠం ఏ పద్ధతిలో అల్లి ఉందో గుర్తించడం పిల్లలకు నేర్పడం. దీనినే పాఠ నిర్మాణ బోధన అంటారు. దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఉన్న పాఠ్యపుస్తకంతోనే చేయవచ్చు. అయితే ఇతర భాషల్లో తయారైన పద్ధతిని ఉన్నదున్నట్లు తెలుగులోకి దించుకుంటే ఫలితం సగమే దక్కుతుంది. వాక్యాల మధ్య సంబంధాన్ని తెలిపే ఆనవాళ్లు తెలుగులో వేరే చోట ఉండడమే అందుకు కారణం.

సమస్య ఎక్కడ ఉంది

గ్రామీణ భారతంలో పిల్లల చదువుపై వెలువడే అసర్ నివేదికలు ఈ చర్చకు నేపథ్యంగా నిలుస్తాయి. 2025 జనవరిలో విడుదలైన 2024 నివేదిక ప్రకారం, ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 48.8 శాతం. 2022లో ఇది 42.8 శాతం. పెరుగుదల ఉన్నప్పటికీ, సగానికి పైగా పిల్లలు తమకంటే మూడు తరగతులు కిందనున్న పాఠాన్ని చదవలేని స్థితిలోనే ఉన్నారని అర్థం.

ఇక్కడ గమనించవలసిన మరో అంశం ఉంది. ఈ సర్వేలో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అనే మెట్ల మీద పిల్లల పఠనాన్ని పరీక్షిస్తారు. ప్రధానంగా కొలిచేది బిగ్గరగా, ధారాళంగా చదవగలగడాన్ని. కనుక చదవగలిగిన ఆ 48.8 శాతం మందికీ చదివినదంతా అర్థమైందని ఈ అంకె చెప్పదు. అవగాహన అన్నది ఆ తరువాతి మెట్టు.

జాతీయ విద్యా విధానం 2020 పునాది అక్షరాస్యతకు అగ్ర ప్రాధాన్యం ఇచ్చింది. దానికి కొనసాగింపుగా 2021 జులై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం, 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది. ‘అర్థం చేసుకుంటూ’ అన్న మాటే ఇక్కడ కీలకం.

ఆరో తరగతికి వచ్చేసరికి చదువు స్వభావం మారుతుంది. అప్పటివరకు కథలు, గేయాలు ఎక్కువ. ఆ పైన సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం పాఠాలు బరువెక్కుతాయి. కథలో ఒక మనిషి ఉంటాడు, అతనికి ఒక కష్టం వస్తుంది, చివరకు అది తీరుతుంది. ఈ నడక పిల్లలకు అమ్మమ్మల ఒళ్లోనే అలవాటవుతుంది. నేలల రకాలు, కిరణజన్య సంయోగక్రియ, పంచాయతీరాజ్ వ్యవస్థ వంటి పాఠాలకు అలాంటి పరిచితమైన నడక లేదు. అందువల్ల చాలామంది విద్యార్థులు ఒక అడ్డదారి వెతుక్కుంటారు. ప్రశ్నలోని పదం పాఠంలో ఎక్కడుందో చూసి, ఆ వాక్యాన్ని ఎత్తి రాస్తారు. మార్కులు వస్తాయి, అవగాహన రాదు. పదో తరగతి ప్రశ్నపత్రంలో అపరిచిత గద్యం ఎదురైనప్పుడు ఈ లోటు బయటపడుతుంది.

పాఠ నిర్మాణం అంటే

ఏ రచయితా సమాచారాన్ని కుప్పగా పోయడు. చెప్పదలచినదాన్ని బట్టి ఒక అమరికను ఎంచుకుంటాడు. ఆ అమరికే పాఠ నిర్మాణం. కథనాత్మక రచనల్లో పాత్రలు, స్థలకాలాలు, సమస్య, ప్రయత్నాలు, ముగింపు అనే వరుస ఉంటుంది. సమాచార రచనల్లో ప్రధానంగా ఐదు నిర్మాణాలు కనిపిస్తాయి: వర్ణన, క్రమం, కారణం-ఫలితం, సమస్య-పరిష్కారం, పోలిక-తేడా.

ఈ వర్గీకరణకు ఆధునిక రూపం ఇచ్చినవారిలో అమెరికా పరిశోధకురాలు బోనీ మేయర్ ముఖ్యులు. రచనలోని అమరికకూ పాఠకుల జ్ఞాపకానికీ ఉన్న సంబంధంపై ఆమె గ్రంథం 1975లో వెలువడింది. 1980లో సహ పరిశోధకులతో కలిసి తొమ్మిదో తరగతి విద్యార్థులపై ప్రచురించిన అధ్యయనంలో ఒక ముఖ్యాంశం తేలింది. రచయిత వాడిన అమరికనే తామూ వాడుకుని విషయాన్ని తిరిగి చెప్పిన విద్యార్థులకు ఎక్కువ అంశాలు గుర్తున్నాయి. అమరికను పట్టించుకోకుండా గుర్తొచ్చినది గుర్తొచ్చినట్లు రాసినవారికి తక్కువ గుర్తున్నాయి.

అంతకు చాలా ముందే, 1932లో, కేంబ్రిడ్జి మనోవిజ్ఞానవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ మరో కోణాన్ని చూపించారు. తమ సంస్కృతికి కొత్తదైన ఉత్తర అమెరికా ఆదివాసుల కథను చదివిన ఆంగ్ల పాఠకులు, దాన్ని తిరిగి చెప్పేటప్పుడు తమకు అలవాటైన కథల చట్రంలోకి మార్చి చెప్పారు. మనసులో ముందే ఉన్న చట్రం చదివినదాన్ని పట్టుకునే గాలం లాంటిదని, చట్రం లేనిచోట విషయం జారిపోతుందని, లేదా రూపు మారుతుందని ఆ ప్రయోగం తెలిపింది.

ఒకే చెరువు, ఐదు నిర్మాణాలు

నిర్మాణం విషయాన్ని బట్టి కాక, రచయిత వేసుకున్న ప్రశ్నను బట్టి ఏర్పడుతుంది. దీన్ని పిల్లలకు చూపడానికి ఒకే విషయాన్ని ఐదు విధాలుగా రాయడం మంచి పద్ధతి. తెలుగు నేలలో అందరికీ తెలిసిన చెరువును ఉదాహరణగా తీసుకోవచ్చు.

వర్ణన: చెరువుకు కట్ట, తూము, అలుగు ప్రధాన భాగాలు. కట్ట నీటిని నిలుపుతుంది. తూము ద్వారా పొలాలకు నీరు వదులుతారు. నిండిన తరువాత మిగిలిన నీరు అలుగు మీదుగా పొర్లిపోతుంది. అలుగును తెలంగాణలో మత్తడి అని కూడా అంటారు. ఈ పేరా సమాధానమిచ్చే ప్రశ్న, చెరువు ఎలా ఉంటుంది?

క్రమం: వాన పడగానే వాగుల నీరు మొదట ఎగువ చెరువుకు చేరుతుంది. అది నిండాక అలుగు పారి దిగువ చెరువుకు వెళ్తుంది. ఆ తరువాత దాని కిందిది నిండుతుంది. గొలుసుకట్టు చెరువులు ఇలా ఒకదాని వెంట ఒకటి నిండుతాయి. ఇక్కడి ప్రశ్న, ముందు ఏమవుతుంది, తరువాత ఏమవుతుంది?

కారణం-ఫలితం: వరద నీటితోపాటు మట్టి కొట్టుకురావడం వల్ల చెరువు అడుగున పూడిక చేరుతుంది. దీంతో నీరు నిలిచే జాగా తగ్గుతుంది. ఫలితంగా వేసవికి ముందే చెరువు ఎండుతుంది, చుట్టుపక్కల బావుల్లోనూ నీటిమట్టం పడిపోతుంది. ప్రశ్న, ఎందుకు ఇలా జరిగింది?

సమస్య-పరిష్కారం: పూడిక చేరి చెరువుల కింద సాగు తగ్గింది. దీనిని సరిదిద్దేందుకు తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పునరుద్ధరణ చేపట్టారు. తీసిన పూడికమట్టిని రైతులు పొలాల్లో వేసుకున్నారు. ప్రశ్న, ఇబ్బంది ఏమిటి, దానికి ఏం చేశారు?

పోలిక-తేడా: చెరువూ బోరుబావీ రెండూ పొలానికి నీరిస్తాయి. అయితే చెరువు వాన నీటిని పట్టి నిల్వ చేస్తుంది, బోరు భూగర్భంలోని నీటిని పైకి తోడుతుంది. చెరువు ఊరందరిది కాగా, బోరు సాధారణంగా ఒక రైతుది. ప్రశ్న, ఏ విషయంలో ఒకటి, ఏ విషయంలో వేరు?

ఐదింటిలోనూ విషయం చెరువే. అయినా ప్రతి పేరా అడిగే శ్రద్ధ వేరు. క్రమాన్ని చెప్పే పేరాలో వరుస తప్పితే అర్థం పోతుంది. వర్ణన పేరాలో వరుస మారినా నష్టం లేదు. పోలిక పేరాలో రెండు వైపులనూ ఒకే కొలతతో చూడాలి. ఈ తేడాలు తెలిసిన విద్యార్థి ఏ పేరాలో దేనిని గుర్తుంచుకోవాలో తానే నిర్ణయించుకోగలడు.

తెలుగులో ఆనవాళ్లు పదం చివర

పాఠ నిర్మాణాన్ని పట్టించే మాటలను సూచక పదాలంటారు. ఇంగ్లీషులో ఇవి చాలావరకు విడి పదాలు. ‘బికాజ్’, ‘దేర్‌ఫోర్’, ‘హవెవర్’ వంటివి వాక్యంలో విడిగా నిలబడి కనిపిస్తాయి. హిందీలోనూ ‘క్యోంకి’, ‘ఇస్‌లియే’, ‘లేకిన్’ వంటి విడి మాటలు విరివిగా వాడుకలో ఉన్నాయి. అందువల్ల ఆ భాషల్లో ఉపాధ్యాయులు ఒక పట్టిక రాసి గోడకు అంటించగలరు.

తెలుగులోనూ విడి పదాలు ఉన్నాయి. కారణానికి ఎందుకంటే, కాబట్టి, అందువల్ల. క్రమానికి మొదట, తరువాత, చివరకు. తేడాకు కానీ, అయితే, మరోవైపు. సమస్యకు, పరిష్కారానికి ఇబ్బంది, కొరత, నివారణ, ఉపాయం వంటి మాటలు. కానీ మన వాక్యంలో సంబంధాన్ని మోసే పని ఎక్కువగా క్రియకు చివర చేరే ప్రత్యయాలదే. ‘వర్షాలు సకాలంలో కురవనందున నార్లు ఆలస్యంగా పోశారు’ అన్న వాక్యంలో కారణాన్ని చెప్పేది ‘అందున’ అన్న తోక మాత్రమే. ‘చెరువు నిండినా కాలువకు నీరు రాలేదు’ అన్నప్పుడు ఊహించినదానికి విరుద్ధంగా జరిగిందని తెలిపేది ‘నిండినా’లోని ఒక్క దీర్ఘం. ‘చెరువు నిండితే’ అంటే షరతు. ‘చెరువు నిండాక’ అంటే క్రమం. ‘చెరువు నిండడంతో’ అంటే కారణం. ఒకే ధాతువు, నాలుగు తోకలు, నాలుగు సంబంధాలు.

వేగంగా చదివే పిల్లలు పదం మొదటి భాగాన్ని పట్టుకుని చివరి భాగాన్ని దాటేస్తే, అంచనాతో అర్థం చెప్పుకుంటారు. నిండినా, నిండితే, నిండాక అన్న మూడూ వారికి ‘నిండు’ అనే ఒకే మాటగా మిగిలిపోతాయి. తెలుగులో అవగాహన జారిపోయే చోట్లలో ఇది ముఖ్యమైనది. అనువదించిన సూచక పదాల పట్టిక దీన్ని పట్టుకోలేదు.

మరో చిక్కు, ఒకే రూపం వేర్వేరు పనులు చేయడం. ‘అన్నం తిని బడికి వెళ్లాడు’ అన్నచోట ‘తిని’ క్రమాన్ని చెబుతుంది. ‘వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు’ అన్నచోట ‘తడిసి’ కారణాన్ని చెబుతుంది. వ్యాకరణ రూపం ఒకటే, సంబంధం వేరు. ‘అయితే’ అన్న మాట కూడా ఇలాంటిదే. ‘రేపు సెలవు అయితే ఊరికి వెళ్దాం’ అన్నప్పుడు అది షరతు. ‘వాన పడింది. అయితే చెరువు నిండలేదు’ అన్నప్పుడు అది విరుద్ధార్థం. వార్తల్లో తరచుగా వినిపించే ‘ఇదిలా ఉండగా’ అన్న మాట పెద్దగా ఏ సంబంధాన్నీ చెప్పదు, విషయం మారుతోందని మాత్రమే తెలుపుతుంది.

కనుక తెలుగు తరగతిలో సూచక పదాలను వెతకమనడంతో ఆగకూడదు. క్రియ చివర ఏముందో చూడమని, ఆ తోక తీసి మరొకటి పెడితే అర్థం ఎలా మారుతుందో చెప్పమని అడగాలి. తమిళం, కన్నడం, మలయాళం వంటి సోదర భాషల్లోనూ క్రియ చివర చేరే రూపాలకు ఇలాంటి పని ఉండడం వల్ల, దక్షిణాది భాషలన్నింటికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఇంగ్లీషులో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఈ పనికి అవి చక్కని సాధనం. ఇంగ్లీషు పుటలో విడిగా కనిపించే కారణ సూచక పదానికి ఎదురుగా తెలుగు పుటలో ఏ ప్రత్యయం ఉందో వెతకమంటే, పిల్లలకు రెండు భాషల నడకా ఒకేసారి బోధపడుతుంది. నిర్మాణం రెండు పుటల్లోనూ ఒకటే. దాన్ని చెప్పే తీరే వేరు.

తరగతి గదిలో ఎలా నేర్పాలి

పరిశోధనల్లో, శిక్షణ మార్గదర్శకాల్లో కనిపించే బోధన క్రమాన్ని స్థూలంగా ఆరు మెట్లుగా చెప్పుకోవచ్చు.

మొదటిది, ఒకసారికి ఒకే నిర్మాణం. ఐదింటినీ ఒకే రోజు పరిచయం చేస్తే పేర్లు కంఠస్థం అవుతాయి తప్ప నైపుణ్యం రాదు. పిల్లలకు సులభంగా పట్టుబడే క్రమంతో మొదలుపెట్టి, పోలికకు, ఆపై కారణానికి, సమస్యకు వెళ్లవచ్చు.

రెండోది, చిన్న పేరా. ఐదారు వాక్యాలు, తెలిసిన విషయం, ఒకే నిర్మాణం. పిల్లల దృష్టి అమరిక మీద నిలవాలంటే విషయం కొత్తదనంతో అడ్డుపడకూడదు.

మూడోది, ఉపాధ్యాయులు తమ ఆలోచనను పైకి చెప్పడం. ‘ఇక్కడ కొట్టుకురావడం వల్ల అని ఉంది. వల్ల అనగానే కారణం వచ్చిందని నాకు తెలిసింది. అయితే ఫలితం ఎక్కడుంది? తరువాతి వాక్యంలో వెతుకుతాను’ అంటూ చదివి చూపించాలి. అనుభవం గల పాఠకుడి మనసులో జరిగే పని పిల్లలకు కనబడదు కాబట్టి దాన్ని వినిపించడం అవసరం.

నాలుగోది, బొమ్మ. క్రమానికి ఒకదాని కింద ఒకటిగా గళ్లు, కారణానికి బాణం గుర్తు, పోలికకు రెండు నిలువు వరుసల పట్టిక, వర్ణనకు నడుమ ఒక వృత్తం, చుట్టూ గీతలు. పలకమీదైనా నేలమీదైనా గీయవచ్చు. వాక్యాలను ఆ గళ్లలో సర్దే పనిలోనే ప్రధానాంశం ఏదో తేలుతుంది.

ఐదోది, తిరిగి చెప్పడం, ఆపై రాయడం. ‘ఊరికి వచ్చిన ఇబ్బంది ఇది, దానికి కారణం ఇది, దానిని సరిదిద్దడానికి ఇలా చేశారు’ అనే ఖాళీల చట్రం ఇచ్చి, పుస్తకం మూసి పూరించమనాలి. పుస్తకం మూసి ఉంటుంది కాబట్టి వాక్యాన్ని ఎత్తి రాసే అడ్డదారికి ఇక్కడ తావుండదు.

ఆరోది, చట్రాన్ని తీసేయడం. నిర్మాణాలు కలగలిసిన అసలు పాఠ్యపుస్తకపు పేజీని ఇచ్చి, ఏ పేరా ఏ పని చేస్తోందో పిల్లలనే చెప్పనివ్వాలి. ఇక్కడ ఒకటికి మించి సమాధానాలు రావచ్చు. ఏ మాటను బట్టి అలా అనుకున్నారో చూపగలిగితే ఆ సమాధానానికి విలువ ఇవ్వాలి.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి

కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో జొవానా విలియమ్స్ బృందం రెండో తరగతి పిల్లలకు జంతువుల వర్గీకరణ పాఠాల ద్వారా పోలిక-తేడా నిర్మాణాన్ని నేర్పింది. 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పిల్లలు తాము నేర్చుకున్న నిర్మాణాన్ని కొత్త విషయాలపై పాఠాల్లోనూ వాడుకోగలిగారు. విషయం మీదే దృష్టి పెట్టిన తరగతితో పోలిస్తే జంతువుల గురించిన జ్ఞానంలో వెనుకబడలేదు. నిర్మాణం నేర్పితే సిలబస్ వెనుకబడుతుందన్న భయానికి ఇది కొంత సమాధానం.

2016లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ 45 అధ్యయనాలను కలిపి చూసింది. సమాచార పాఠాల అవగాహనపై నిర్మాణ బోధన సానుకూల ప్రభావం చూపుతోందని, బోధనలో రాత పనిని చేర్చినప్పుడు మేలు పెరుగుతోందని అది తేల్చింది. అమెరికా విద్యాశాఖకు చెందిన పరిశోధనా విభాగం 2010లో చిన్న తరగతుల కోసం విడుదల చేసిన మార్గదర్శకం కూడా పాఠ నిర్మాణాన్ని గుర్తించడం నేర్పాలని సిఫారసు చేసింది. దానికి ఉన్న ఆధారాల బలాన్ని మాత్రం మధ్యస్థంగానే పేర్కొంది. ఈ అధ్యయనాల్లో అధిక భాగం ఇంగ్లీషు పాఠాలతో జరిగినవన్న సంగతి మన ఉపాధ్యాయులు మరువరాదు.

మన శాస్త్ర సంప్రదాయంలో

పేరు కొత్తదైనా ఈ ఆలోచన మన ఉపఖండానికి కొత్త కాదు. 1909లో ఆర్. శామశాస్త్రి మైసూరులో ప్రచురించడంతో వెలుగు చూసిన కౌటిల్యుని అర్థశాస్త్రం చివరి అధికరణం పేరు తంత్రయుక్తి. శాస్త్రగ్రంథాన్ని అల్లడానికి, చదివి అర్థం చేసుకోవడానికి ఉపకరించే 32 యుక్తులను అది వివరిస్తుంది. వాటిలో విషయాన్ని క్లుప్తంగా చెప్పే ఉద్దేశం, విస్తరించి చెప్పే నిర్దేశం, పోలికతో తెలిపే ఉపమానం, విరుద్ధాన్ని చూపే విపర్యయం, పూర్వపక్షం, ఉత్తరపక్షం వంటివి ఉన్నాయి. ఒక్కో యుక్తికి నిర్వచనం ఇచ్చి, అదే గ్రంథంలోని చోటును ఉదాహరణగా చూపడం విశేషం. అంటే పుస్తకం తన నిర్మాణాన్ని తానే పాఠకుడికి విప్పి చెప్పింది.

చరక, సుశ్రుత సంహితల్లోనూ తంత్రయుక్తుల జాబితాలు ఉన్నాయి. తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం కూడా ఇలాంటి 32 ఉత్తులను పేర్కొంది. మీమాంసకులు ఒక్కో చర్చను విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం వంటి అంగాలుగా విడదీసి చదివారు. పూర్వపక్షాన్ని సిద్ధాంతంగా పొరబడితే రచయిత ఖండించినదాన్నే ఆయన అభిప్రాయమనుకునే ప్రమాదం ఉంది. నేటి విద్యార్థి ‘కొందరు ఇలా భావిస్తారు’ అన్న వాక్యాన్ని రచయిత మాటగా రాసేయడం అలాంటి పొరపాటే. నాటి పద్ధతులు పండితుల కోసం ఏర్పడినవి. నేటి ప్రయత్నం అదే మెలకువను అందరి పిల్లలకూ అందించడం.

పరిమితులు

నిర్మాణ బోధన సర్వరోగ నివారిణి కాదు. ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ 1986లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, పఠనావగాహన అన్నది అక్షరాలను పదాలుగా చదవగలిగే శక్తి, భాషను అర్థం చేసుకునే శక్తి అనే రెండింటి లబ్ధం. ఒకటి సున్నా అయితే లబ్ధమూ సున్నాయే. గుణింతాలు, ఒత్తులు ఇంకా పట్టుబడని బిడ్డకు నిర్మాణం గురించి చెప్పడం తొందరపాటు. అలాంటి పిల్లలకు కథలు వినిపించి, వరుసలో తిరిగి చెప్పించడం సరైన తొలి అడుగు.

విషయ పరిజ్ఞానానికి కూడా ఇది ప్రత్యామ్నాయం కాదు. అమెరికాలో 1988లో ప్రచురితమైన ప్రసిద్ధ అధ్యయనంలో బేస్‌బాల్ ఆట గురించిన పాఠాన్ని విద్యార్థులకు ఇచ్చారు. పఠన సామర్థ్యం తక్కువైనా ఆట తెలిసినవారు, బాగా చదవగలిగీ ఆట తెలియనివారికంటే మెరుగ్గా అర్థం చేసుకున్నారు. చెరువు చూసిన పిల్లలకు అలుగు పేరా తేలికగా అర్థం కావడమూ అందుకే. కాబట్టి నిర్మాణాన్ని సామాన్య, సాంఘిక శాస్త్ర పాఠాల లోపలే నేర్పాలి. విడిగా ఒక గ్రామర్ పీరియడుగా మార్చితే అది మరో కంఠస్థ పాఠమవుతుంది. ‘ఇది ఏ నిర్మాణం?’ అని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చిన రోజున అసలు ప్రయోజనం దెబ్బతింటుంది. పేరు చెప్పగలగడం కాదు, ఆ పేరుతో అర్థాన్ని వెతకగలగడం ముఖ్యం.

పాఠ్యపుస్తకాల బాధ్యత కూడా ఉంది. సంబంధం చెప్పకుండా వాస్తవాలను వరుసగా పేర్చిన పేరాలో విద్యార్థి ఏ నిర్మాణాన్ని గుర్తిస్తాడు? శీర్షికకూ లోపలి విషయానికీ పొంతన లేకపోతే, కారణం ఒక పుటలోనూ ఫలితం మరో పుటలోనూ ఉంటే, తప్పు చదివేవారిది కాదు.

ఇంట్లో, రేడియో ముందు

తల్లిదండ్రులు ఈ పనిలో పాలుపంచుకోవడానికి శాస్త్ర పరిభాష అవసరం లేదు. పిల్లలు పాఠం చదివాక ‘ఏం చదివావు?’ అని అడిగేబదులు ‘ఎందుకు జరిగిందట? ముందు ఏమైంది? వాళ్లకు వచ్చిన కష్టమేమిటి? ఈ రెండింటికీ తేడా ఏమిటి?’ అని అడిగితే చాలు. చదువు రాని పెద్దలు కూడా ఈ ప్రశ్నలు అడగగలరు. వంట ఎలా చేస్తారో, వరి విత్తనాన్ని నానబెట్టి మండె కట్టి నారు ఎలా పోస్తారో పిల్లలచేత వరుసగా చెప్పించడం క్రమ నిర్మాణానికి చక్కని సాధన.

వార్తా ప్రసారం కూడా ఇందుకు ఉపయోగపడుతుంది. పుస్తకం చదివేవారు వెనక్కి తిరిగి చూసుకోగలరు. శ్రోతకు ఆ వీలు లేదు. అందుకే రేడియో బులెటిన్ ముందుగా ముఖ్యాంశాలు, తరువాత వివరాలు, చివరగా మరోసారి ముఖ్యాంశాలు అనే స్థిరమైన నిర్మాణాన్ని పాటిస్తుంది. ముఖ్యాంశం విన్న వెంటనే ‘దీని వివరాల్లో ఏమేమి రావచ్చు?’ అని పిల్లలను ఊహించమనవచ్చు. తుపాను హెచ్చరిక వినిపిస్తే, అందులో కారణమేది, ఫలితమేది, చేయవలసిన పనులేవి అని విడదీయమనవచ్చు.

ఈ నైపుణ్యం విలువ పరీక్షలతో ముగియదు. పురుగుమందు డబ్బా మీది సూచనలు క్రమ నిర్మాణంలో ఉంటాయి. వరుస తప్పితే ప్రాణం మీదికి రావచ్చు. పంట బీమా షరతులు, ప్రభుత్వ పథకాల అర్హతలు ‘అయితే’, ‘తప్ప’, ‘మినహా’ అన్న చిన్న మాటల మీద ఆధారపడి ఉంటాయి. ‘ఐదెకరాలలోపు భూమి ఉన్నప్పటికీ’ అని, ‘ఐదెకరాలలోపు భూమి ఉన్నందున’ అని రాసిన రెండు నోటీసుల మధ్య ఒక కుటుంబానికి సాయం అందడం, అందకపోవడం అన్న తేడా ఉండవచ్చు. ఆ తేడాను దళారీని అడగకుండా తానే చదివి తెలుసుకోగలిగిన పౌరుడిని తయారుచేయడం బడి చేయగల పని. అది ఆరో తరగతి పాఠంలో ఒక క్రియ చివరనున్న ప్రత్యయాన్ని ఆగి చూడడంతో మొదలవుతుంది.